ఇద్దరు దొరల బంటు

కరోనా పుణ్యమా అని దాదాపు రెండేళ్ళు మా ఊళ్ళోనే కూర్చుని ఉద్యోగం చేశాను. ఊరు చెవిటికల్లు, కంచికచర్ల మండలం. 2021 ఆగస్టులో కృష్ణకి ఒక్కసారిగా వరదొచ్చి వందకు పైగా ఇసుక లారీలు నది మధ్యలో ఇరుక్కుపోయాయని టీవీల్లో చూపించారు గుర్తుందా? ఆ ఊరే.

నాలాగే ఇంకో నలుగురైదుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. పగలంతా కాల్స్, సాయంత్రం గుడి అరుగు మీద కబుర్లు. 2022 సంక్రాంతికి ఏదైనా నాటకం వేద్దామన్న పురుగు అక్కడే తొలిచింది. మా ఊళ్ళో నాటకం అంటే హరిశ్చంద్ర, లేకపోతే రాయబారం. హార్మోనియం, రాగం, వన్స్‌మోర్. మాలో ఒక్కడికీ పద్యం రాదు. అందుకని నేను ఇటలీ నాటకం పట్టుకొచ్చాను (నవ్వకండి).

కార్లో గోల్డోనీ అని వెనిస్ నగరం ఆయన. పీసాలో వకీలుగా ఉంటున్న రోజుల్లో, 1745లో, సాక్కీ అనే హాస్యనటుడు అడిగితే రాసిచ్చాడు. మొదట కథ నడక మాత్రమే రాసి, మాటలు చాలావరకు నటుల నోటికే వదిలేశాడు. పూర్తి సంభాషణలు తర్వాతెప్పుడో రాశాడు. అంటే ముందు డెమో, తర్వాత డాక్యుమెంటేషన్. మనకి తెలిసిన పద్ధతే!

కథేమిటంటే, ట్రుఫాల్దీనో అని ఒక ఆకలిగొట్టు నౌకరు. ఒకళ్ళ దగ్గర పనిచేస్తే కడుపు నిండదని, ఒకళ్ళకి తెలియకుండా ఇంకొకళ్ళ దగ్గర, ఇద్దరి కింద కుదురుతాడు. ఇద్దరూ ఒకే సత్రంలో దిగుతారు. వాళ్ళిద్దరూ నిజానికి ప్రేమికులు, ఒకరినొకరు వెతుక్కుంటున్నారు. అందులో అమ్మాయి, చచ్చిపోయిన అన్న వేషంలో మగాడిలా తిరుగుతుంటుంది. వీడు ఉత్తరాలు మారుస్తాడు, పెట్టెల్లో సామాన్లు కలిపేస్తాడు, ఆఖరికి అవతలివాళ్ళు చచ్చిపోయారని ఇద్దరూ నమ్మేదాకా తెస్తాడు. మధ్యలో ఇద్దరి చేతా తన్నులు. 1947లో మిలాన్‌లో స్ట్రేలర్ అనే దర్శకుడు దీన్ని పాత ఇటలీ వీధినాటకం పద్ధతిలో, ముసుగులతో, పిల్లిమొగ్గలతో మళ్ళీ వేయించాడు. అందులో నౌకరు వేషం 1963 నుంచి సోలేరీ అనే ఒకే నటుడు యాభై ఏళ్ళకి పైగా కట్టాడు. ఆ వీడియో చూసే నేను పడిపోయింది.

తెలుగు చేయడం కష్టం కాలేదు. వెనిస్ సత్రం నందిగామ లాడ్జి అయింది. ముసలి వ్యాపారి పాంటలోనే జగ్గయ్యపేట పత్తి వ్యాపారి అయ్యాడు. నౌకరు ఉత్తరం అంటించడానికి రొట్టె నమిలి ముద్ద చేస్తూ, ఆకలికి ఆగలేక మింగేస్తుంటాడు. మనం కవర్లు అన్నం మెతుకులతోనే కదా అంటించేవాళ్ళం, అది మార్చక్కర్లేకుండానే సరిపోయింది. ఇద్దరు దొరలకీ ఒకేసారి వడ్డించే సీనులో ఊగిపోయే పుడ్డింగ్ ఒకటుంటుంది. దాని బదులు జున్ను పెట్టాం. ముసుగుల సంగతైతే, వాళ్ళ తోలు ముసుగు ముఖం పైసగం కప్పి నోరు వదిలేస్తుంది. మేం అప్పటికే మూతులు కప్పుకుని తిరుగుతున్నాం.

అమ్మాయి వేషానికి అమ్మాయి దొరకలేదు. అడిగిన ఇళ్ళల్లో కాఫీ ఇచ్చి పంపించారు. చివరికి బందరులో డిగ్రీ చదివే కుర్రాడు ఒప్పుకున్నాడు. అంటే ఆడవేషం వేసిన మగాడు, మగవేషం వేసుకున్న ఆడపిల్లగా నటించాలి! రిహార్సల్‌లో వాడికే కన్‌ఫ్యూజను.

కానీ వారం గడిచినా ఒక్కరికీ నవ్వు రాలేదు. పడాల్సిన చోట పడుతున్నాం, కొట్టాల్సిన చోట కొడుతున్నాం, ఏదో గొడవ జరుగుతున్నట్టుందే తప్ప హాస్యం లేదు. ఒకరోజు మా పెదనాన్న వచ్చి చుట్ట ఆర్పి కూర్చున్నాడు. అంతా చూసి, "ఏరా అబ్బాయ్, ఇది మన మాధవే కదరా" అన్నాడు.

నాకు తల తిరిగింది. కూచిపూడి భామాకలాపం! కుర్రతనంలో కూచిపూడి వాళ్ళ మేళం చూశాట్ట. సత్యభామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు, మనిషి మాత్రం ఒకడే. ఇటు చెలికత్తె గొంతు, అటు చెలికాడి గొంతు. ఉత్తరం పట్టుకెళ్ళమంటే ఊరికే వెళ్ళదు, సత్యభామ ముక్కుపుడక కూలిగా అడుగుతుంది. ఒక ప్రేమజంట, మధ్యలో బేరాలాడే వార్తాహరుడు. సిద్ధేంద్రుడిది పదిహేడో శతాబ్దమంటారు, గోల్డోనీ కంటే ముందే. ఎవర్నించి ఎవరూ కాపీ కొట్టలేదులెండి, ఆ గొడవ మొదలెట్టకండి. సాక్షాత్తూ మా జిల్లా సరుకు వదిలేసి నేను వెనిస్ దాకా వెళ్ళొచ్చాను, అదీ సంగతి. (వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ గురించి మా డిగ్రీ కుర్రాడికి ఆ రాత్రి గంట క్లాసు పడింది.)

పెదనాన్న చెప్పింది రెండు ముక్కలు. నవ్వించేవాడు తను నవ్వకూడదు, వాడికి అది చావుబతుకుల సమస్య. రెండోది, దెబ్బ కొట్టేవాడి చేతిలో ఉండదు, చప్పుడులో ఉంటుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడికి దెబ్బ పడినప్పుడు తెర వెనక బొమ్మలాడించేవాడు కాలికింద చెక్కని ధనామని తొక్కుతాడు. ఇటలీ వాళ్ళదీ అదే కిటుకు. రెండు పల్చటి చెక్కలు పిడి దగ్గర కలిపి మధ్యలో సందు వదిలిన కర్ర, తగిలితే తుపాకీ పేలినట్టు మోగుతుంది, ఒంటికి చీమ కుట్టినంత. స్లాప్‌స్టిక్ అన్న మాట ఆ కర్రకే పుట్టింది. వెదురు బద్దలతో ఒకటి చేశాం. మూడోసారికి సరిగ్గా మోగింది.

నౌకరు వేషం మా పక్కవీధి వాడిది. వాళ్ళ నాన్న ఎనిమిదెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఆ ఏడు నల్ల తామరపురుగు వచ్చింది, మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పూతలో చేరి కాయ నిలవనీయలేదు. మందు కొట్టినకొద్దీ అప్పు పెరిగిందే గానీ పురుగు పోలేదు. కొందరు జనవరిలోనే చేలు దున్నేశారు. మావాడు మాత్రం రిహార్సల్‌కి ఒక్కరోజు మానలేదు, ఎప్పుడూ ఆలస్యంగా, కళ్ళకింద నల్లగా.

కనుమ రాత్రి వేశాం. జున్ను సీనుకి ఆడవాళ్ళు పైటచెంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మెతుకులు మింగే దగ్గర ఓ ముసలాయన "పాపం వాడికింత అన్నం పెట్టండర్రా" అని అరిచాడు. చివర నౌకరు తను ప్రేమించిన పనిపిల్ల కోసం నిజం ఒప్పేసుకుంటాడు, ఇద్దరి దగ్గరా చేసింది నేనేనని. అక్కడ మావాడు ఆగిపోయాడు. డైలాగు మర్చిపోయాడనుకుని పక్కనుంచి అందించాను. నా వైపు చూశాడు. ఇంకాసేపాగి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు, మంచి టైమింగ్ అనుకున్నాను.

2022 సెప్టెంబరులో ఒక పెద్ద కంపెనీ పక్క ఉద్యోగాలు చేస్తున్నారని మూడొందల మందిని తీసేసిన వార్త వచ్చింది. ఆ వారమే మావాడి ఫోను. "బావా, నాకు రెండున్నాయి" అన్నాడు. ఏడాది నుంచి రెండు లాప్‌టాప్‌లు, రెండు స్టాండప్‌లు, రెండు పీఎఫ్‌లు. ఒకే యూఏఎన్ కింద రెండు కంపెనీల జమ కనిపిస్తుంటే ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు చూస్తాడు కదా. ఏం చేయమంటావన్నాడు. "నోర్మూసుకుని ఒకటి మానేయ్, ఎవడికీ చెప్పకు" అన్నాను. ఇప్పుడడిగినా అదే చెప్తానేమో, తెలియదు.

వాడు వినలేదు. మొదటి మేనేజర్‌కి తనే చెప్పేశాడు. గోల్డోనీ దొరలు క్షమించి పెళ్ళి చేశారు. ఇక్కడ మూడో రోజుకల్లా లాప్‌టాప్ వెనక్కి పంపమని మెయిలొచ్చింది. సంతకం పెట్టిన కాగితం ప్రకారం కంపెనీది తప్పు కాదు. ఎనిమిదెకరాల మిరప సంగతి ఆ కాగితంలో లేదు. రెండోది వాడే వదిలేసి, నాలుగు నెలలు ఖాళీగా ఉండి, ఇప్పుడు బెంగుళూరులో చేస్తున్నాడు. అప్పు ఇంకా కొంత ఉంది.

"మరి స్టేజీ మీద ఎందుకాగావురా?" అని మొన్న అడిగాను. "మా నాన్న ముందు వరసలో కూర్చున్నాడు బావా, అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు" అన్నాడు.

ఆ వెదురు కర్ర మా పెదనాన్న దగ్గరుంది. కళ్ళంలో మిరపకాయలు ఎండబోస్తే మేకల్ని అదిలించడానికి వాడుతున్నాడు. వచ్చే పండక్కి మళ్ళీ వేస్తారా అని అడుగుతున్నాడు, ఈసారి పత్తి వ్యాపారి వేషం తనకే కావాలట.