ఎవల తాలూకు?



నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో బాగా చిన్న ఊళ్లో ఉంటున్నాడు. ఒకటే వీధి, ఒక పెట్రోల్ బంకు, ఒక చర్చి. మొన్న ఫోన్ చేసి, "సార్, ఇక్కడ అందరికీ అందరూ తెలుసు, అచ్చం మన పూండిలాగే" అన్నాడు. "నీ కులం తెలుసా?" అన్నాను. నవ్వాడు. ఇంకో తెలుగువాడు వచ్చి దిగేదాకా తెలియదట. కులం విమానం ఎక్కింది కాబట్టే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది.

పూండి ఎక్కడో తెలియని వాళ్ల కోసం: హౌరా–చెన్నై లైనులో పలాసకీ నౌపడాకీ మధ్య స్టేషన్. పెద్ద రైళ్లు చాలావరకు ఆగవు. ఒక రోడ్డు, టీ బడ్డీలు, మందుల షాపులు, కొబ్బరికాయల లారీలు. కాసేపట్లో ఊరంతా నడిచేయొచ్చు.

అంత చిన్న ఊళ్లో ముందు పేరు అడగరు. "ఎవల తాలూకు?" అంటారు. నాన్న పేరు చెబితే చాలు. ఏ వీధో, ఏ కులమో, మా అమ్మ పలాసలో ఏ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేదో అన్నీ తెలిసిపోతాయి. (జీడి నూనె తగిలి అమ్మ వేళ్లు నల్లబడి తోలు ఊడేది. అది మాత్రం ఎవరూ అడగలేదు.) 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం అన్నారు. ఆ ప్రసంగం క్లాసులో చెప్పేటప్పుడు నేను ఈ 'తాలూకు' మాటే ఉదాహరణ ఇస్తాను. తాలూకులో వ్యక్తి ఉండడు.

రెండు గ్లాసుల పద్ధతి ఏమైందని కుర్రాళ్లు అడుగుతుంటారు. పేపర్ కప్పు వచ్చింది, అంతే. ఎవరి మనసూ మారాల్సిన అవసరం లేకుండా పోయింది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకొరిగాయి. కరెంటు లేక ఊరంతా ఒకే చీకట్లో రోజులు గడిపాం, అదీ నిజమే. తోటల నష్టం మాత్రం చెట్ల లెక్కన రాశారు. ఆ చెట్ల కింద కూలి చేసుకుని బతికినవాడు ఏ లెక్కలోకి వస్తాడు?

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. "బావున్నావా" తర్వాత "క్రియాటినిన్ ఎంత?" అంటారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న మొదలైంది. అంతకుముందు పెద్ద వైద్యమంటే విశాఖ బండి ఎక్కడమే. నాకు తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ వచ్చినప్పటినుంచి ల్యాబ్ రిపోర్టులు నా దగ్గరికి వస్తున్నాయి. "డాక్టరయ్యేవు కదా బాబూ, చూసి చెప్పు." మొదట్లో అది ఈ డాక్టరు కాదని వివరించేవాణ్ణి. ఇప్పుడు చదివి పెడుతున్నాను.

అలా వచ్చేవాళ్లలో రోడ్డు మీద మేడ ఉన్న ఒక పెద్దాయన ఉన్నాడు. మా నాన్న ఆయన్ని 'బాబూ' అంటాడు. ఆయన మా నాన్నని పేరు పెట్టి పిలుస్తాడు, నన్ను మాత్రం 'బాబూ' అంటాడు. ఒక తరం చదువు తెచ్చిన మార్పు అంతవరకూ ఉంది. ఆయన పై పోర్షన్ ఖాళీ అయితే అద్దెకి అడిగాను. "అయ్యో, అది చుట్టాలకి ఉంచీసేం బాబూ" అన్నాడు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఇంటివాళ్లు "మీవాళ్లు ఎవరండీ?" అని నసుగుతూ అడిగేవాళ్లు. అబద్ధం చెప్పే వీలైనా ఉండేది. పూండిలో అడగరు. అడగని ప్రశ్న మీద ఏ చట్టం కింద ఫిర్యాదు ఇస్తాం?

వారం తిరక్కుండా ఆ గేటుకి 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని అట్ట వేలాడింది. నేను రోజూ కాలేజీకి వెళ్లే దారి అదే.

తర్వాతి నెల ఆయన మామూలుగానే రిపోర్టు పట్టుకుని వచ్చాడు. 2.1 ఉన్నది 3.4 అయ్యింది. వెంటనే పలాస ఆసుపత్రికి వెళ్లమన్నాను. కొడుకులు బెంగళూరులో ఉన్నారు. "నువ్వు వస్తావా బాబూ" అన్నాడు. వెళ్లాను. ఎందుకు వెళ్లావని మా తమ్ముడు ఇప్పటికీ కోప్పడతాడు. వాడి కోపం తప్పని నేననను.

ఆటో పలాస పొలిమేరలోకి వచ్చాక అడిగాను. "పైన చుట్టాలు దిగేరా అండీ?"

ఆయన రిపోర్టు కవరు మడతలు సరిచేస్తూ, "ఇంకా లేదు బాబూ" అన్నాడు.