విద్యార్థుల్లేని కాలేజీ!

అక్కడ గంట కొట్టేవారు కాదు. హాజరుపట్టీ లేదు. పరీక్షలూ ఫలితాలూ అసలే లేవు. అయినా దాదాపు 200 ఏళ్ల కిందట కడపలోని ఆ బంగళాని జనం 'బ్రౌన్ కాలేజీ' అనే పిలిచేవారు. లోపల కూర్చున్నది కుర్రాళ్లు కాదు... శాస్త్రాలు చదివిన పండితులూ, చేయి తిరిగిన లేఖకులూ. వాళ్ల ముందు గుట్టలుగా తాటాకులు. వాళ్లకి జీతాలిచ్చింది సర్కారూ కాదు, మిషనరీ సంఘమూ కాదు. ముప్పై ఏళ్లయినా నిండని ఓ తెల్లదొర!

ఆ దొర చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది.

కడప అంటే బయటివాళ్లకి ముందు గుర్తొచ్చేది ఎండ. ఆ తర్వాత వంటింటి గట్ల మీద పరిచే నల్లటి కడప బండ. దక్షిణాన పాలకొండలు, ఊరి మధ్య నుంచి పారే బుగ్గవంక, ఓ పక్కన దేవుని కడప. తిరుమల వెళ్లే యాత్రికులకు ఇది గడప కాబట్టి 'కడప' అయిందంటారు. ఇంగ్లిషువాళ్లు నోరు తిరక్క రాసుకున్న 'కుడ్డప్పా' స్పెల్లింగు 2005 దాకా అధికారిక కాగితాల్లో అలాగే ఉండిపోయింది. నిజాం 1800లో కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లో కడప ఒకటి. 'రాయలసీమ' అన్న పేరు రావడానికి ఇంకా 128 ఏళ్లు ఆగాలి. ఆ మాట పుట్టింది 1928 నంద్యాల సభల్లో. పక్కనున్న కర్నూలు అయితే 1839 దాకా నవాబుల చేతిలోనే ఉంది.

ఇలాంటి చోటుకి 1820 ఆగస్టులో కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా దిగాడు బ్రౌన్. వయసు 21.

తండ్రిది ఓ కాలేజీ... కొడుకుది మరోటి

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. కంపెనీ ఉద్యోగులకి దేశభాషలు నేర్పే ఫోర్ట్ విలియం కాలేజీకి పెద్దగా పనిచేశాడు. కొడుకులకి గ్రీకు, లాటిన్‌తో సరిపెట్టకుండా హీబ్రూ, అరబిక్, పర్షియన్, హిందూస్థానీ కూడా చెప్పించాడు. 1812లో ఆయన పోవడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. చార్లెస్ అక్కడ హెయిలీబరీలో చదివి, 1817 ఆగస్టులో మద్రాసు వచ్చాడు. అప్పటిదాకా ఆయనకి తెలుగు ముక్క రాదు! అక్షరాలు దిద్దించింది వెలగపూడి కోదండరామ పంతులు.

1820లో థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. అంతకుముందు ఏడేళ్లు దత్తమండలాల్లో రైతుల మధ్యే తిరిగిన మనిషి. ఉద్యోగులకి ప్రజల భాష రాకపోతే పాలన సాగదన్నది ఆయన మతం. కడపకొచ్చిన బ్రౌన్‌కి కచేరీలో రోజూ చెవిన పడింది ఆ భాషే. మరుసటేడే ఊళ్లో రెండు బడులు పెట్టి పిల్లలకి ఉచితంగా చదువు చెప్పించాడు. బదిలీ మీద మచిలీపట్నం వెళ్తే 1823లో అక్కడా రెండు.

అక్కడే మరో మలుపు. ఫ్రెంచి మతగురువు అబే దుబాయి రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన బ్రౌన్ కంటపడింది. ఎవరీ వేమన? అడిగితే పండితులు పెదవి విరిచారు. ఆయన మాత్రం ఊళ్ల నుంచి తాటాకు ప్రతులు తెప్పించుకుని, ఒక్కో పద్యానికీ ఉన్న రకరకాల పాఠాల్ని సరిపోల్చి, ఇంగ్లిషులోకి మార్చుకుంటూ పోయాడు. చివరికి 693 పద్యాలతో పుస్తకం 1829లో అచ్చయింది. మతాచార్యుడి కొడుకు మొదట పట్టుకున్నది గుళ్లనీ విగ్రహాలనీ కులాలనీ కడిగేసిన కవిని కాబట్టి, ఇందులో మతం లెక్క కూడా ఉందని కొందరంటారు. ఉంటే ఉండొచ్చు. కానీ ఆ లెక్కే అయితే వసుచరిత్రతో ఆయనకేం పని?

తాటాకుల ఫ్యాక్టరీ

1826లో మళ్లీ కడప చేరిన బ్రౌన్ ఇక ఇక్కడే ఉండిపోదామనుకున్నాడు. 15 ఎకరాల తోటలో బంగళా ఏర్పాటు చేసుకున్నాడు. పండితుల్ని పిలిపించి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే ఆయన ఈ వ్యవహారమంతా చూసుకునేవాడు.

పని తీరు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ముందుగా ఒకే కావ్యానికి ఎక్కడెక్కడి ప్రతులూ సేకరించాలి. కొన్నిటికి చెదలు, కొన్నిటికి అంచులు విరిగిపోయి ఉంటాయి. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరోదాంట్లో ఉండదు. అన్నింట్లో ఉన్నా అక్షరాలు కలవవు. లేఖకులు వాటిని కాగితం మీదికెక్కిస్తారు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు తమ ప్రతులతో పోల్చుకుంటూ తేడాలు గుర్తిస్తారు. ఏ పాఠం సరైందో పండితులు వాదించుకుని తేలుస్తారు. ఆపైన సాపు ప్రతి, దానికి అర్థతాత్పర్యాలు, పదాల పట్టిక. అప్పుడు బైండింగు!

తెలుగు కావ్యాలు అప్పటికి ఎక్కువగా తాటాకుల మీదే బతుకుతున్నాయి. తాటాకు శాశ్వతం కాదు... ఏళ్లు గడిచేకొద్దీ కొత్తగా ఎవరో ఒకరు రాసుకోకపోతే అంతే సంగతులు. రాయించే జమీందార్లు చితికిపోయారు. అచ్చు యంత్రం ఇంకా ఇటు సరిగ్గా తిరిగి చూడలేదు. ఆ సందులో ఎన్ని పోయాయో లెక్కలేదు. మిగిలినవి నిలవడానికి కారణమైన చోట్లలో కడప బంగళా ఒకటి.

ఆయన పండితుల్లో జూలూరి అప్పయ్య పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన వ్యాఖ్యానంతోనే వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో బ్రౌన్ పూనికతో అచ్చయ్యాయి. పేరు దొరది... చెమట మాత్రం అప్పయ్యలాంటి వాళ్లది కూడా. ఈ మాట మన సభల్లో అంతగా వినిపించదు.

ఈ ముచ్చట కడపలో ఎంతోకాలం సాగలేదు. మళ్లీ బదిలీలు. జీతాన్ని మించిపోయిన ఖర్చు... అప్పులు.

'కరవు' అన్నందుకు...

1832-33లో గుంటూరు సీమను నందన కరవు ఊడ్చేసింది. అక్కడికి పంపిన అధికారుల్లో బ్రౌన్ ఒకడు. పైవాళ్లు కోరుకున్న మాట 'కొరత'. బ్రౌన్ తన నివేదికలో రాసిన మాట 'కరవు'. ఇంగ్లిషులో ఆ రెండు మాటలకీ తేడా ఎంతో దొరలకి బాగా తెలుసు, అందుకే కోపమొచ్చింది. రాయలసీమలో కొన్నేళ్లు గడిపినవాడికి కరవుని మరో పేరుతో పిలవడం చేతకాలేదేమో!

1834లో ఉద్యోగం నుంచి తప్పుకోవాల్సొచ్చింది. లండన్ చేరాడు. అక్కడా ఊరికే కూర్చోలేదు. కంపెనీ గ్రంథాలయంలో మూలన పడున్న దక్షిణాది రాతప్రతులు కంటపడ్డాయి. జాన్ లేడెన్ అనే పండితుడు సేకరించినవవి. 2 వేలకు పైగా ఉన్న వాటిని పట్టుబట్టి మద్రాసు పంపించాడు. తిరిగొచ్చాక 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు, 1853లో ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు. 1854లో మరో చిన్న నిఘంటువు... కచేరీ తెలుగులో కలిసిపోయిన పర్షియన్, హిందూస్థానీ మాటలకి. దత్తమండలాల కాగితాల్లో ఆ మాటలు లేని పేజీ అరుదు! ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లిపోయి, 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

మొండిగోడల నుంచి...

కడప బంగళా మాత్రం చేతులు మారి, కూలి, మొండిగోడలైంది. వంద ఏళ్లకు పైగా అటు చూసినవాళ్లు తక్కువ. 1970ల్లో నెల్లూరు పాత్రికేయుడు బంగోరె మద్రాసులోని కాగితాల కట్టలు విప్పి బ్రౌన్ జాబుల్ని వెలికితీశాడు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రెడ్డితో కలిసి బ్రౌన్ సాహిత్య జీవిత కథని 1978లో అచ్చువేయించాడు. తెలుగువాళ్లకి మళ్లీ ఆ మొండిగోడలు గుర్తొచ్చాయి.

గుర్తురావడం వేరు... గోడ లేపడం వేరు. ఆ పని భుజానేసుకున్నది జానమద్ది హనుమచ్ఛాస్త్రి. రాయదుర్గంలో పుట్టి కడపలో స్థిరపడిన అధ్యాపకుడు. 1980ల్లో ఆ స్థలంలోనే బ్రౌన్ పేరిట గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. చేతిలో డబ్బు లేదు. ఇంటింటికీ, ఊరూరికీ తిరిగి చందాలు అడిగారు, పుస్తకాలు అడిగారు, అటకల మీది తాటాకు కట్టలూ అడిగారు. అంటే బ్రౌన్ చేసిన సేకరణే, ఈసారి జీతమిచ్చే స్తోమతు కూడా లేకుండా! భవనం లేచింది. 2006లో అది కొత్తగా ఏర్పడ్డ విశ్వవిద్యాలయం చేతికెళ్లింది. ఆ విశ్వవిద్యాలయం పేరు యోగి వేమన. శాస్త్రిగారు 2014లో పోయేదాకా ఆ పుస్తకాల గురించే మాట్లాడారు.

ఇప్పుడక్కడ పరిశోధకులకి పుస్తకాలున్నాయి, తాటాకు ప్రతులున్నాయి. జిల్లాలోని పల్లెల చరిత్రలు చెప్పే మెకంజీ కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చువేశారు. కానీ అప్పయ్య కాలంలో బ్రౌన్ పండితులు తయారుచేసిన సాపు ప్రతులు చాలావరకు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉండిపోయాయి. అసలు కాగితాన్ని కళ్లారా చూడాలనుకునే కడప పరిశోధకుడు ఇప్పటికీ చెన్నై రైలెక్కాల్సిందే.