పాలమూరు దారిలో పదకొండు కిలోలు

బాలానగర్ ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా వెనక చక్రంలోంచి ‘టంగ్’మని చప్పుడు వచ్చింది. దిగి చూస్తే ఒక స్పోక్ విరిగి వేలాడుతోంది. చక్రం వంకరపోయి బ్రేకుకి రాసుకుంటోంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా వంద కిలోమీటర్లు సైకిల్ తొక్కేస్తా అని పొద్దున ఐదింటికి స్టేటస్ పెట్టిన నేను, పదిన్నరకి ఆ సైకిల్‌ని నడిపించుకుంటూ పోతున్నా.

అది అక్టోబర్ నెల. రోడ్డు పక్కంతా సీతాఫలాల గంపలు. ఈ ఊరి పేరుతో ఒక సీతాఫలం రకమే ఉంది. వేరే రాష్ట్రాల్లో తోటలు వేసే రైతులకి బాలానగర్ అంటే ఊరు కాదు, పండు. ఆ గంపలు దాటాక ఒక సైకిల్ షాపు దొరికింది. అరవై దాటిన కాకా చక్రం వైపు చూడనే లేదు. ముందు క్యారియర్ మీది బ్యాగు ఎత్తి చూశాడు.

“ఏంది బిడ్డా, రాళ్లు మోస్తున్నవా?”

“ల్యాప్‌టాప్ కాకా.”

“ఒక్క ల్యాప్‌టాప్‌కే గింత బరువా?”

ఒక్కటే కాదు మరి. ఆఫీసు ల్యాప్‌టాప్ 2.1 కిలోలు. దాని ఇటుక లాంటి చార్జర్ అర కిలో. అవి కాక మౌస్, హార్డ్ డిస్క్, పెద్ద హెడ్‌ఫోన్స్, రెండు జీన్స్ ప్యాంట్లు, ఐదు టీషర్టులు, బూట్లు, ఒక్క పేజీ కూడా చదవని నవల. ఇంట్లో తూకం వేస్తే పదకొండు కిలోలు తేలింది. అదంతా ఒకే బ్యాగులో కుక్కి, క్యారియర్‌కి ఒక పక్క వేలాడదీశాను.

“బరువంత ఎనక చక్రం మీదనే ఏస్తివి. అది గూడ ఒక్క దిక్కే. పుల్ల ఇరగకపోతే ఏమైతది?” అంటూ ఫ్రీవీల్ విప్పి కొత్త స్పోక్ వేశాడు. చక్రం తిప్పుతూ బెండు తీస్తూ తన సంగతి చెప్పాడు. పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ బొంబాయికి కూలి పనికి పోయారట. ఇద్దరికీ కలిపి ఒకటే మూట. రెండు దుప్పట్లు, ఒక గిన్నె, జొన్నపిండి, కట్టుబట్టలు. “ఆడ దొరికేదాన్ని ఈడికెల్లి మోసుడెందుకు?” అన్నాడు.

పాలమూరులో ఇలాంటి మూటల కథ లేని ఊరు అరుదు. ఎక్కడెక్కడో డ్యాములు, కాలువలు, బిల్డింగులు కట్టడానికి వెళ్లిన ‘పాలమూరు లేబర్’ గురించి మనం వింటూనే పెరిగాం. మహబూబ్‌నగర్ నుంచి బయల్దేరే ముంబై బస్సు మీద జర్నలిస్టు పి. సాయినాథ్ 2003లో రాశారు కూడా. వాళ్లు బరువు తగ్గించుకున్నది సరదా కోసం కాదు, గతిలేక. నా సైకిల్ టూరుని వాళ్ల ప్రయాణంతో పోల్చను. కానీ కాకా అడిగిన ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది.

ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి రావచ్చుగా?

రాలేను. మహబూబ్‌నగర్‌లో మా పెద్దమ్మ ఉంటుంది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ ఇంట్లోనే. ఉద్యోగం వచ్చాక రెండేళ్లు అటు వెళ్లనే లేదు. ఎప్పుడడిగినా “పనుంది పెద్దమ్మా”. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాదే. అంటే సర్వర్ పడిపోతే అర్ధరాత్రైనా లేచి చూడాలి. ల్యాప్‌టాప్ తీసుకెళ్తే శని, ఆదివారాలతో పాటు ఇంకో రెండు రోజులు అక్కడే ఉండొచ్చు. లేదంటే ఆ ట్రిప్పే లేదు. అందుకే ల్యాప్‌టాప్‌ని తిట్టను. నన్ను ఆ ఇంటి గడప దాకా తెచ్చింది అదే.

ఆదివారం రాత్రి అలర్ట్ వచ్చింది. పెద్దమ్మ జొన్నరొట్టె కాలుస్తుంటే పొయ్యి దగ్గరే కూర్చుని లాగిన్ అయ్యా. మూడు కమాండ్లు, ఆరు నిమిషాలు. నాలుగు రోజుల్లో వచ్చిన ‘ఎమర్జెన్సీ’ అదొక్కటే.

తిరిగొచ్చాక బ్యాగులోని సామానంతా నేల మీద మూడు కుప్పలు పోశా. రోజూ వాడినవి, ఒక్కసారి వాడినవి, అసలు ముట్టనివి. మూడోదే అన్నిటికంటే పెద్దది. అందులో ప్రతి వస్తువు వెనకా ఒక ‘ఒకవేళ’ ఉంది. ఒకవేళ ఫైల్ కావాల్సి వస్తే హార్డ్ డిస్క్, ఒకవేళ ఎవరింటికైనా వెళ్తే మంచి ప్యాంటు, ఒకవేళ బోర్ కొడితే నవల. వంద కిలోమీటర్లు నేను మోసింది చాలావరకు ఆ భయాన్నే.

1983లోనే ఒకాయన

సైకిల్ మీద కంప్యూటర్ పెట్టుకుని తిరగడం మన వర్క్ ఫ్రమ్ హోమ్ బ్యాచ్ కనిపెట్టిందేం కాదు. అమెరికాలో స్టీవెన్ రాబర్ట్స్ అనే ఇంజనీర్, రచయిత 1983లో ఒహాయోలోని కొలంబస్‌లో ఇల్లు వదిలేసి, వెనక్కి వాలి తొక్కే సైకిల్ మీద బయల్దేరాడు. ఆయన దగ్గరున్నది టీఆర్ఎస్-80 మోడల్ 100. తెర మీద ఎనిమిది లైన్లు, లైనుకి నలభై అక్షరాలు. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో దాదాపు ఇరవై గంటలు నడిచేది. రాత్రి టైప్ చేసి, దారిలో పబ్లిక్ ఫోన్ నుంచి పంపేవాడు. అలా పదివేల మైళ్లు తిరిగాడు.

తర్వాత సైకిల్‌కి ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయాడు. సోలార్ ప్యానెళ్లు, రేడియోలు, ఇంకా కంప్యూటర్లు. 1990ల మొదటికి అది ‘బెహెమత్’ అనే 580 పౌండ్ల బండి అయింది. మన లెక్కలో 260 కిలోల పైమాటే. గేర్లు 105! ఆ పేరులోని పొడి అక్షరాలు విడదీస్తే చివర్లో వచ్చే మాటల అర్థం ‘బరువే మరీ ఎక్కువ’ అని. పెట్టుకున్నది ఆయనే. ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సొత్తు. నాకైతే ఆ నాలుగు పెన్సిల్ బ్యాటరీల మెషీనే ముచ్చటేసింది.

రెండోసారి ఏం మోశానంటే

ఈసారి వస్తువుల జాబితా రాయలేదు. చేయాల్సిన పనుల జాబితా రాశా. లాగిన్ అవ్వాలి, లాగ్స్ చూడాలి, కమాండ్లు కొట్టాలి, ఒక మీటింగ్‌లో మాట్లాడాలి. అంతే.

ఫోన్, మడత కీబోర్డ్ అయితే అన్నిటికంటే తేలిక. సొంత సర్వర్ చూసుకునేవాళ్లకి ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుంటే చాలు. కానీ మా ఆఫీసు వీపీఎన్ సొంత ఫోన్లో ఎక్కదు. ట్యాబ్లెట్ చూశా. దానికి మంచి కీబోర్డ్ కవర్ తగిలిస్తే చిన్న ల్యాప్‌టాప్ అంత బరువు తూగుతోంది. చివరికి ఆఫీసులో మెషీన్లు మార్చే టైమ్ వచ్చినప్పుడు, పెద్ద స్క్రీన్ వద్దు, 13 అంగుళాలది ఇవ్వండి అని అడిగా. 1.2 కిలోలు. ఫ్యాన్ లేనిది, కాబట్టి రోడ్డు దుమ్ము లోపలికి లాగదు. ఎస్ఎస్‌డీ కాబట్టి గతుకుల్లో తిరిగే భాగాలు దెబ్బతింటాయన్న దిగులు లేదు.

చార్జర్ ఒక్కటే. 65 వాట్ల చిన్న యూఎస్‌బీ-సీ చార్జర్ ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే 74 వాట్-అవర్లు. వేస్టేజ్ పోగా చిన్న ల్యాప్‌టాప్‌కి సుమారు ఒక ఫుల్ చార్జ్. బయల్దేరే ముందు బ్యాకప్ తీసి, డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సైకిల్ పడినా, బ్యాగు పోయినా, డేటా పోకూడదు.

బట్టలు రెండు జతలు, త్వరగా ఆరేవి. రాత్రి ఉతికితే పొద్దునకి రెడీ. సబ్బు, బిస్కెట్, పంక్చర్ సొల్యూషన్ షాద్‌నగర్‌లోనూ జడ్చర్లలోనూ దొరుకుతాయి. స్పేర్ ట్యూబ్, పంపు, అలెన్ కీలు మాత్రం దగ్గరుండాల్సిందే. రెండు చిన్న బ్యాగులు, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి, కిందికి. ల్యాప్‌టాప్ బట్టల మధ్య నిలువుగా. మొత్తం ఐదున్నర కిలోలు.

ఇంకో మాట. ఎండాకాలం వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లు వాడటానికి కంపెనీలు చెప్పే గరిష్ఠ వేడి 35 డిగ్రీలు. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటుతుంది. బ్యాటరీకీ మీకూ ఇద్దరికీ మంచిది కాదు.

ఖాళీగా ఉన్న చోటు

రెండోసారి నవంబర్‌లో వెళ్లా. జడ్చర్ల దగ్గర హైవే వదిలి కుడివైపు తిరిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. స్పోకులన్నీ భద్రంగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఊరి బయటి పిల్లలమర్రి. దాదాపు 700 ఏళ్ల మర్రి, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2018లో చెదలు పట్టినప్పుడు మనుషులకి పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు, ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. కొమ్మ పాకిన దూరమల్లా ఊడలు దిగి ఆ బరువుని పంచుకుంటాయి. బరువంతా ఒక్క దిక్కే వేయొద్దన్న కాకా గుర్తొచ్చాడు.

మొదటిసారి తిరుగు ప్రయాణంలో ఒకటి జరిగింది. పెద్దమ్మ సకినాల డబ్బా, సీతాఫలాల సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడింది. “బరువైతది పెద్దమ్మా, బ్యాగులో జాగ లేదు” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. హార్డ్ డిస్క్‌కి జాగ ఉంది, బూట్లకి ఉంది, పెద్దమ్మ చేతి సకినాలకి లేదు.

ఈసారి నేనే అడిగా. “పెద్దమ్మా, ఏమన్నా పెడ్తవా?”

డబ్బా ఎడమ బ్యాగులో, సీతాఫలాలు కుడి బ్యాగులో సర్దింది. రెండు పక్కలా సమానంగా ఉందో లేదో బ్యాగులు ఎత్తి చూసి మరీ పంపింది. హైదరాబాద్ చేరేసరికి రెండు పండ్లు చితికి, జిగురు ల్యాప్‌టాప్ కవర్‌కి అంటుకుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయింది.