తాజ్ ఎదుట తడబడిన సూది

ఆగ్రాకు నేను రెండు పర్యాయాలు వెళ్లాను. రెండుసార్లూ నా భుజాన ఉన్నది ఒకే కెమెరా. ఖార్కోవ్‌లో తయారైన ఫెడ్-5 అది. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన వద్ద కొన్నాను. రేంజ్‌ఫైండర్ తరహా యంత్రం కనుక, కిటికీలో కనిపించే రెండు బింబాలు ఒకటైతే దూరం కుదిరినట్లు. వెలుతురు కొలిచే సెలీనియం మీటరుకు బ్యాటరీ అక్కరలేదు. అయితే సూది సూచించిన షట్టర్ వేగాన్నీ, ఎపర్చరునూ మనమే చేతితో అమర్చుకోవాలి.

1996 డిసెంబరులో మా అమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్లాను. తోట నడుమనున్న పాలరాతి కొలను వద్ద ఆమెను నిలబెట్టి, మీటరును తాజ్ వైపు తిప్పి, అది చెప్పిన ప్రకారమే ఫొటో తీశాను. ప్రింటులో పాలరాయి బూడిదవర్ణంలో ఉంది. అమ్మ ముఖం ఒక నల్లని నీడ. "తాజ్‌మహల్ పడిందిరా, నేనే పడలేదు" అని ఆమె నవ్వారు.

పొరపాటు యంత్రానిది కాదు. అటువంటి మీటరు వస్తువుపై పడే వెలుతురును కొలవదు. దాని నుండి తిరిగివచ్చే వెలుతురును కొలుస్తుంది. ఎదుటనున్నది నూటికి 18 పాళ్ల కాంతిని తిప్పిపంపే మధ్యస్థ వర్ణమని భావిస్తుంది. మక్రానా పాలరాయి అంతకు కొన్ని రెట్లు తిప్పిపంపుతుంది. దానితో వెలుతురు అధికమైనదని సూది భ్రమపడింది, నేను నమ్మాను.

2023 డిసెంబరులో మా శ్రీమతితో మళ్లీ వెళ్లాను. పాతబడిన మీటరును ముందుగానే మరొకదానితో సరిచూసుకున్నాను. యమునపై మంచు విడిచి ఎండ వచ్చింది. సమాధికి పడమట ఎర్ర ఇసుకరాతి మసీదు ఉంది. తూర్పుముఖం కనుక ఉదయపు ఎండ నేరుగా పడుతుంది. పాలరాతిపై మీటరు 250 వేగానికి ఎపర్చరు 16 చూపగా, ఇసుకరాతిపై 125కు 11 చూపింది. అంటే రెండు స్టాపులు, నాలుగు రెట్ల తేడా. రాయి మారింది గాని ఎండ మారలేదు! రెండవ కొలతనే అమర్చి, అదే కొలను వద్ద ఫొటో తీశాను. గుమ్మటం తెల్లగా, శ్రీమతి ముఖం నుదుటి బొట్టుతో సహా స్పష్టంగా వచ్చాయి.

ఇప్పుడు ఆల్బంలో రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉన్నాయి. అమ్మ 2009లో కాలం చేశారు. ఫిల్ముపై ఆనాడు పడని వెలుతురును ఏ రసాయనమూ తిరిగి తేలేదు. ఆత్మీయులతో యాత్రలకు వెళ్లే పాఠకులకు నా మనవి ఒక్కటే: మీటరును కట్టడం వైపు తిప్పకండి, నాలుగడుగులు ముందుకు వేసి, మీవారి ముఖం వద్ద కొలవండి.