కంటికి కొలిచిన అద్దం

తాండూరులో బండెక్కితే వికారాబాద్, లింగంపల్లి, బేగంపేట దాటి నాంపల్లిలో దిగడమే. లైను అక్కడితో ఆఖరు. కోర్టు పనున్నవాళ్లు, పెళ్లి బట్టలు కొనేవాళ్లు, ఆసుపత్రికి పోయేవాళ్లు అంతా మా వైపు నుంచి చేరేది 1907 నాటి ఆ స్టేషన్‌కే. నేను దిగింది ఒక లెన్సు కోసం.

నాపరాయి పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాసే పని నాది. బిల్లు మీద 3 ఉందో 8 ఉందో తెలియక ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూసుకునేవాణ్ని. ప్రతి అంకె కిందా దాని నీడ ఒకటి జారినట్టు ఉండేది. రాత్రిపూట ఎదురుగా లారీ వస్తే దానికున్న రెండు లైట్లూ నాకు అరడజను. సైటు పెరిగిందన్నారు, అద్దాలు మార్చారు. ఇంకొన్నాళ్లకు అద్దాల చీటీలో సిలిండర్ పవర్ పెంచారు, యాక్సిస్ తిప్పారు. కొత్త కళ్లజోడు మోజు తీరకముందే మళ్లీ మసక. ఫోన్ తగ్గించమని ఒకరు, క్యారెట్లు తినమని ఒకరు చెప్పారు. రెండూ చేశాను. సైటు మాత్రం తన దారిన తను మారుతూనే ఉంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రిలో కార్నియా టోపోగ్రఫీ తీశారు. మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే కొన్ని సెకన్లలో అయిపోయే పరీక్ష. కంప్యూటర్ మీద కన్ను రంగుల పటంగా వచ్చింది. చుట్టూ ఆకుపచ్చ, నీలం. మధ్యకు కాస్త కింద ఎర్రటి మచ్చ. "కెరటోకోనస్" అన్నారు డాక్టర్. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మామూలుగా దాని మందం నడుమ సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. ఈ జబ్బులో అది పలచబడి, శంఖువు ఆకారంలో ముందుకు పొడుచుకొస్తుంది. ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో మొదలవుతుంది. కంటి అలర్జీ ఉన్నవాళ్లలో, కళ్లు గట్టిగా నులుముకునేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పొర ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు, పైన ఎంత మంచి అద్దం పెట్టినా వెలుగు ఒకచోట కూడదు. నా కళ్లజోళ్లన్నీ ఎందుకు ఓడిపోయాయో ఆ ఎర్రమచ్చ చూశాకే తెలిసింది.

జబ్బు ముదురుతోందని ముందు సీత్రీఆర్ అనే చికిత్స చేశారు. కార్నియా పైపొర తీసి, రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ చుక్కలు వేసి, అల్ట్రావయొలెట్ కాంతి పెడతారు. అసలు పద్ధతిలో కాంతి పెట్టే సమయం 30 నిమిషాలు. జర్మనీలో డ్రెస్డెన్ వైద్యులు దీన్ని కనిపెట్టి, రోగుల మీద వచ్చిన ఫలితాలను 2003లో ప్రచురించారు. లోపలి కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి కార్నియా బిగుస్తుంది. మామూలు పద్ధతిలో చేయాలంటే పొర కనీసం 400 మైక్రాన్లు ఉండాలి, కాబట్టి ఆలస్యం చేస్తే ఆ అవకాశమూ చేజారవచ్చు. "ఇది జబ్బు ఆగడానికి. చూపు కోసం లెన్సు వేరే చూసుకోవాలి" అని డాక్టర్ ముందే చెప్పారు. కళ్లు కుదుటపడ్డాక ఆ వేట మొదలైంది.

నాంపల్లి స్టేషన్ ముందు ఆటోవాళ్లను తప్పించుకుని, స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిస్తే అబిడ్స్ ఎంతో దూరం లేదు. లాడ్జీలు, ఇరానీ హోటళ్లు, బ్యాగుల కొట్లు దాటుకుంటూ జీపీఓ సర్కిల్‌కు చేరాను. అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణాలకు కొదవ లేదు. నాకు మాత్రం ఫ్రేము అమ్మేవాళ్లతో పనిలేదు. ట్రయల్ లెన్సుల పెట్టె దగ్గరుండి, కూర్చోబెట్టి కొలిచేవాళ్లు కావాలి. అలాంటి క్లినిక్ ఒక పాత కాంప్లెక్స్ మొదటి అంతస్తులో దొరికింది.

ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి టోపోగ్రఫీ కాగితాలు ముందేసుకుని చాలాసేపు చూసింది. ముందు ఆర్‌జీపీ పెట్టింది. గాలి ఆడే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన చిన్న లెన్సు అది. కెరటోకోనస్ కోసమే న్యూజిలాండ్‌కు చెందిన పాల్ రోజ్ తయారుచేసిన రోజ్ కె కూడా ఈ జాతిదే. లెన్సు కంట్లో పడగానే నీళ్లు ధారకట్టాయి. కాసేపటికి సర్దుకున్నాక నారింజ రంగు ఫ్లోరెసిన్ కాగితం అంటించి, నీలిరంగు లైటు వేసి చూసింది. కన్నీళ్లు నిలిచినచోట ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్సు కంటికి ఆనినచోట నల్లగా ఉంటుంది. కోను కొనమీదే మొత్తం బరువు పడకూడదు, అలాగని మధ్యలో బుడగ నిలవకూడదు. ఒకటి తీసి ఇంకొకటి, అది తీసి మరొకటి. ప్రతిసారీ పవర్ కంటే ముందు వంపు కుదిరిందా లేదా అన్నదే చూసింది.

ఆ లెన్సుతో చార్టులో కింది వరుసల దాకా చదివాను. ఇక ఖాయం అనుకుంటుండగా అడిగింది: "సార్, మీరు చేసే పనేంటి?"

"తాండూరులో పాలిష్ యూనిట్ మేడమ్. ఆఫీసు రూములోనే కూర్చుంటాను గానీ, దుమ్ము మాత్రం తప్పదు."

పెట్టె మూసేసింది. "అయితే ఇది మీకు కష్టం. చిన్న లెన్సు కింద రాతిపొడి రేణువు ఒక్కటి దూరినా కన్ను తెరవలేరు. స్క్లీరల్ చూద్దాం."

ఇన్నేళ్లలో నా కంటి విషయంలో నా పనేమిటని అడిగిన మొదటి మనిషి ఆమే.

స్క్లీరల్ లెన్సు బాగా పెద్దది. కార్నియాను తాకకుండా దాని మీదుగా వంగి, అంచులు తెల్లగుడ్డు మీద కూర్చుంటాయి. లోపల నిండిన సెలైన్ కార్నియా ఎగుడుదిగుళ్లను పూడుస్తుంది. ఆలోచన పాతదే. 1888లోనే పారిస్‌లో యూజీన్ కాల్ట్ కెరటోకోనస్ కళ్లకు గాజు చిప్పలు పెట్టి చూశాడు. గాజు గుండా గాలి ఆడదు కాబట్టి కన్ను ఎక్కువసేపు ఓర్చుకోలేదు. ఆక్సిజన్ పోనిచ్చే ప్లాస్టిక్ వచ్చాకే ఈ పెద్ద లెన్సులకు మళ్లీ మంచిరోజులు వచ్చాయి.

పెట్టుకోవడం మాత్రం ఒక విద్య. లెన్సును రబ్బరు పిడి మీద నిలిపి, ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో అంచుదాకా నింపాలి. మొహం నేలకు సమాంతరంగా వంచి, రెప్పలు విడదీసి, నీళ్లు ఒలకకుండా నేరుగా కంటికి తాకించాలి. కొంచెం తల ఎత్తినా లోపల గాలిబుడగ చిక్కుకుంటుంది, మళ్లీ మొదటికే. ఒళ్లోని టవల్ తడిసి ముద్దయ్యాక గానీ నాకు చేతకాలేదు. కూర్చున్న కొద్దీ లెన్సు కాస్త కిందికి దిగుతుంది కాబట్టి, వెంటనే కొలవకుండా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి తర్వాత కొలిచింది. తీసేటప్పుడు సక్షన్ రబ్బరును లెన్సు నడుమ కాకుండా అంచు దగ్గర అంటించి లాగాలని నా చేతే పదేపదే చేయించింది. నడుమ పట్టి లాగితే కన్నే లెన్సుతోపాటు లాగినట్టవుతుంది.

నా కొలతలతో తయారై లెన్సులు ఒక శనివారం వచ్చాయి. "కాసేపు బయట తిరిగి రండి సార్, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో చూద్దాం" అంది. మలక్‌పేట నుంచి బావ వచ్చాడు. ఇద్దరం జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు మీద మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. 1935 నాటి రాతి కట్టడం. దాని గడియారం నాకెప్పుడూ చుట్టూ పొగపట్టిన గుండ్రటి తెల్లమచ్చే.

"ఏమోయ్, టైమెంతైంది?" అన్నాడు బావ.

"నాలుగుంబావు కావస్తోంది."

ఆయన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఏమీ అనకుండా ఐస్‌క్రీమ్ కొట్టువైపు దారితీశాడు. నేను గడియారం కింద నిలబడి ముళ్లను చూస్తుండిపోయాను. పెద్దది ఒక్కటే, చిన్నది ఒక్కటే.

ఆ రాత్రి అక్కావాళ్లింట్లోనే ఉండి, ఆదివారం మళ్లీ అబిడ్స్ వచ్చాం. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి ఆ రోజు ఫుట్‌పాత్ పుస్తకాలది. ఇంజనీరింగ్ గైడ్లు, పాత డిటెక్టివ్ నవలలు, అట్టలూడిన నిఘంటువులు. వంగకుండా, ఏ పుస్తకమూ చేతిలోకి తీసుకోకుండా నిలబడ్డచోటు నుంచే వరసగా పేర్లు చదువుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి మాత్రం కుడికన్ను మసకేసింది. లెన్సు కింద నీళ్లలో మడ్డి చేరితే అలా అవుతుందని ముందే చెప్పారు. తీసి, కడిగి, కొత్త సెలైన్ నింపి పెట్టుకుంటే తేటపడింది. ఆ బాధ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉంది. ఖర్చు కూడా తక్కువేం కాదు. లెన్సులకు వేలల్లో అవుతుంది, నెలనెలా సెలైన్, క్లీనింగ్ సొల్యూషన్ వేరే.

లెన్సు పెట్టుకునేవాళ్లకు కొన్ని మాటలు. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు లెన్సుకు తగలనీయొద్దు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి చూపునే తీయగలదు. లెన్సుతో నిద్రపోవద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే వెంటనే తీసేసి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. లెన్సుతో చూపు బాగుందని టోపోగ్రఫీ మానొద్దు, ఎందుకంటే లెన్సు జబ్బును ఆపదు. ఏ లెన్సుకూ లొంగని కొందరికి కార్నియా మార్పిడి దాకా వెళ్లాల్సి వస్తుంది.

మీ పిల్లలు పొద్దస్తమానం కళ్లు నులుముకుంటుంటే ముందు అలర్జీకి మందు వేయించండి. అద్దాలు మార్చినకొద్దీ సైటు మారుతుంటే, సిలిండర్ పెరుగుతూ పోతుంటే, ఇంకో కళ్లజోడు కొనేముందు ఒక్కసారి టోపోగ్రఫీ అడగండి. హైదరాబాద్‌లో మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. లెన్సు కొలిపించుకునేటప్పుడు వాళ్లు అడిగినా అడగకపోయినా మీరు చేసే పనేమిటో, ఎక్కడ చేస్తారో చెప్పండి. కెరటోకోనస్ కంటికి లెన్సు రెడీమేడ్‌గా దొరకదు, కొలిచి కుట్టించుకోవాల్సిందే.