స్కాటీ దాచిన వేలు

నా ఎడమచేతి ఉంగరపు వేలు సగమే ఉంటుంది. తొమ్మిదో ఏట, పశువులకు చొప్ప నరికే చక్రం దగ్గర ఆడుతూ మిగతా సగం పోగొట్టుకున్నాను. నొప్పి నెల రోజుల్లో తగ్గింది గాని, సిగ్గు చాలా ఏళ్ళు ఉండిపోయింది. బడిలో నన్ను "అరవేలు" అని పిలిచేవారు. అందుచేత ఎప్పుడూ ఆ చెయ్యి లాగు జేబులోనే పెట్టుకు తిరిగేవాణ్ణి. ఒక చెయ్యి జేబులో ఉంచుకుని చెట్టెక్కడం ఎంత కష్టమో మీరెరగరు!

ఆ రోజుల్లో, అంటే 1980ల్లో, మా వీధికంతటికీ ఒకటే టీవీ. ఆదివారాలు దూరదర్శన్‌లో "స్టార్ ట్రెక్" అనే అమెరికా సీరియల్ వచ్చేది. దాన్ని 1966 నుంచి 1969 దాకా తీశారు. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక నక్షత్రాల మధ్య తిరుగుతూ ఉంటుంది. మాకు ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు. మిగతా పిల్లలకు కొనచెవుల స్పాక్ అంటే ఇష్టం. నాకు మాత్రం ఎర్రచొక్కా తొడుక్కున్న ఇంజనీరు స్కాటీ అంటే ఇష్టం. నౌక ఎప్పుడూ పాడవుతూనే ఉంటుంది. స్కాటీ ముందు కంగారుపడతాడు, తరవాత బాగుచేస్తాడు. పంపుసెట్టు చెడిపోతే మా నాన్న చేసేదీ అదే.

స్కాటీ వేషం వేసిన నటుడు జేమ్స్ డూహన్. 2005 జూలై 20న ఆయన చనిపోయినప్పుడు ఆయన కథ చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన కుడిచేతికి నడిమి వేలు లేదట! అన్నేళ్ళు చూశాను, ఎన్నడూ కనిపెట్టలేదు.

డూహన్ 1920లో కెనడాలోని వాంకూవర్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదళంలో చేరాడు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరాన దిగాయి. ఆయన దిగిన చోట ఇసుకనిండా శత్రువులు మందుపాతరలు పాతి ఉంచారు. అయితే అవి ట్యాంకులకోసం పాతినవి. మనిషి బరువుకు పేలవు. డూహన్ తన మనుషులను వాటిమీదుగానే నడిపించుకుపోయాడు!

తీరా ఆ రాత్రి చీకట్లో ఆయన ఒక స్థావరంనుంచి మరొకదానికి పోతూంటే, తమ పక్షపు కాపలావాడే బెదిరిపోయి కాల్చాడు. మొత్తం ఆరు గుళ్ళు. నాలుగు కాలికి తగిలాయి. ఒకటి వేలు తీసింది. ఆరోది గుండెకే తగలవలసింది, కాని జేబులో అన్న ఇచ్చిన వెండి సిగరెట్ పెట్టె అడ్డుపడింది. (ఇది చూపి సిగరెట్లు మంచివని వాదించబోకండి. అడ్డుపడింది వెండి, పొగాకు కాదు.)

యుద్ధం అయిపోయాక ఆయన రేడియో నాటకాల్లో చేరాడు. రేడియోలో వేలు ఎవరికి కావాలి? గొంతు చాలు. రకరకాల యాసలు అక్కడే పట్టుబడ్డాయి. స్టార్ ట్రెక్‌కు పరీక్ష చేసినప్పుడు వరసగా ఎన్నో యాసల్లో మాట్లాడి చూపాడట. ఏది నచ్చిందని ఆయన్నే అడిగితే, ఇంజనీరు గనక స్కాట్లండువాడైతేనే బాగుంటుందన్నాడు. అలా పుట్టాడు స్కాటీ.

కెమెరా ముందు మాత్రం ఆయన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. మీటలు జరిపే చెయ్యి దగ్గరగా చూపవలసివస్తే మరొకరి చెయ్యి చూపేవారంటారు. యుద్ధంలో దిగినవాడు, మందుపాతరలమీద నడిచినవాడు వేలు దాచుకున్నాడు! మేస్టరునై, ముప్ఫై దాటి, అప్పటికీ తరగతిలో ఎడమచేతిలో పుస్తకం పట్టుకుని వేలు కప్పుకునే నాకు అది వింతగానూ ఉంది, ఊరటగానూ ఉంది.

సీరియల్ ఆగిపోయాక ఆయన కష్టపడ్డాడు. ఎక్కడికి పోయినా "నువ్వు స్కాటీవి" అని వేరే వేషాలు ఇచ్చేవారు కారు. కాని స్కాటీని చూసి ఇంజనీరింగు చదివినవాళ్ళు చాలామంది. అమెరికాలో మిల్వాకీ నగరపు ఇంజనీరింగు విద్యాలయం ఆయనకు గౌరవ పట్టం ఇచ్చింది. నిజానికి ఆయన ఇంజనీరు కానే కాదు!

మొన్న సెలవుల్లో మా అక్క కూతురికి "ట్రిబుల్స్" కథ చూపించాను. అవి బొచ్చు ఉండల్లాంటి జంతువులు. ఒక్కోటి పన్నెండు గంటలకు పది పిల్లలను పెడుతుంది. ఒకదానితో మొదలైతే మూడు రోజుల్లో 17,71,561 అవుతాయని స్పాక్ చెబుతాడు. 11ని ఆరుసార్లు వేసుకుని గుణించండి, సరిపోతుంది. మా పిల్ల కాగితంమీద వేసి చూసింది కూడా.

ఒకచోట స్కాటీ చేతులనిండా ట్రిబుల్స్ పట్టుకుని వస్తాడు. చేతులు రెండూ నిండి ఉంటే ఇక దాచేదెలా?

"మామయ్యా, ఆపు!" అని అరిచింది పిల్ల. తెర దగ్గరికి పోయి లెక్కపెట్టింది. తరవాత వెనక్కి వచ్చి నా ఎడమచెయ్యి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

"ఆయనకు నాలుగే. నీకు నాలుగున్నర," అంది.