భాయ్ వదిలిపోయిన పద్నాలుగు నిమిషాలు

పోయిన ఏడాది షాబాన్ నెలలో, రంజాన్ రాకముందే ఆళ్లగడ్డలోని మా పాత ఇంటికి సున్నం కొట్టించాలని సామానంతా బయటికి తీస్తుంటే అమ్మీ సందూక్ అడుగున ఒక నల్ల ఫ్లాపీ దొరికింది. అమ్మీ ఇంతఖాల్ అయి ఆరేళ్లయింది. అబ్బా రేషన్ కార్డు, భాయ్ ఇంటర్ మార్కుల లిస్టు, నాలుగు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, వాటితోపాటు ఒక ప్లాస్టిక్ కవర్లో ఈ ఫ్లాపీ. లేబుల్ మీద ఉర్దూలో ఒకటే మాట: షహ్జాదా. రాత భాయ్‌ది.

భాయ్ పక్కనే ఉన్నాడు. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "యే అబీ హై క్యా రే!" అన్నాడు. కువైట్ నుంచి ఖాయంగా వచ్చేసి అప్పటికి పది నెలలు. ఆ పది నెలల్లో ఆయన గొంతులో అంత ఖుషీ నేను వినలేదు.

అది 1998 నాటి సంగతి. అబ్బా పోయిన సంవత్సరం. అబ్బా టైలర్ మిషను మీద భాయ్ కూర్చున్నాడు. నేను నంద్యాలలో తెలుగు తీసుకుని బీఏ చదువుతున్నాను. పదో తరగతి దాకా అలిఫ్, బే, పేతో పెరిగిన పిల్లోడు డిగ్రీలో ఛందస్సు చదవడమేందని ఖాందాన్‌లో అందరికీ తాజ్జుబే. భాయ్ మాత్రం ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఫీజు ఎంత అని మాత్రం అడిగేవాడు.

భాయ్ షౌఖ్ కంప్యూటర్. పగలంతా బట్టలు కుట్టి, సాయంత్రం బస్సెక్కి నలభై కిలోమీటర్లు నంద్యాలకొచ్చి ఒక సెంటర్లో డీసీఏ నేర్చుకునేవాడు. మస్జిద్‌లోకి పోయినట్టు చెప్పులు బయట విడిచి పోవాలి. లోపల ఏసీ చలి. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, ఫాక్స్‌ప్రో. మనిషికి ఒక గంట టైము. గంట అయితే లేచి పక్కవాడికి కుర్చీ ఇవ్వాల్సిందే. సారు చాయ్‌కి పోయినప్పుడు అందరి స్క్రీన్ల మీదా లెక్కలు పోయి గేములు వచ్చేవి. డేంజరస్ డేవ్ ఆడేవాళ్లు కొందరు. భాయ్ ఆడేది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. క్లాసు లేని రోజుల్లో నేనూ పోయి వెనక నిలబడేవాణ్ణి.

మీలో నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సుల్తాన్ జంగ్‌కు పోయి ఉంటాడు. తఖ్త్ మీద కన్నేసిన వజీర్ జాఫర్, షహ్జాదీ ముందు ఇసుక గడియారం పెట్టి, గంటలోపల నికాహ్‌కు ఒప్పుకో, లేకుంటే మౌత్ అంటాడు. ఆమె మనసిచ్చిన కుర్రోడు కింద తహ్‌ఖానాలో ఖైదీ. వాడు ఆ గంటలోనే ఇనుప ముళ్లు, కత్తెరలా మూసుకునే రంపాలు, తల్వార్ పట్టిన సిపాయిలు, ఒక అస్థిపంజరం, అన్నీ దాటి పైకి రావాలి. మన అలిఫ్ లైలా కిస్సాలు విని పెరిగిన మాకు ఇంగ్లిష్ పెద్దగా రాకపోయినా కథ అర్థం కావడానికి తక్లీఫ్ పడలేదు.

గేముకూ గంటే. భాయ్‌కి కంప్యూటర్ ముందు దొరికేదీ గంటే. అందులో సగం చదువుకు పోతుంది. ఒక్కరోజులో ఎట్ల అయిపోతుంది? దానికి ఒక తర్కీబ్ ఉంది. మూడో లెవెల్‌కు చేరినాక కంట్రోల్, జీ కలిపి కొడితే ఆట ఎక్కడుందో ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. మళ్లీ వచ్చినప్పుడు కంట్రోల్, ఎల్ కొడితే అక్కడి నుంచే మొదలు. అట్ల రోజూ కొంచెం కొంచెం, ఫ్లాపీ జేబులో పెట్టుకుని. ఆ ఫ్లాపీలో గేమ్ ఎవరూ పైసలిచ్చి కొన్నది కాదు. ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకున్నదే. అది దొంగతనమన్న ఖయాల్ కూడా అప్పట్లో మాకు లేదు.

1999లో, రంజాన్ ఈద్ అయిన నెలలోపలే వీసా వచ్చింది. డ్రైవర్ పని. డీసీఏ సగంలోనే ఆగిపోయింది. నా చదువు ఆగలేదు. ఆ తర్వాత నా ఫీజులు, నా పెళ్లికి షామియానా, అమ్మీ కంటి ఆపరేషన్, అన్నీ ఆ స్టీరింగ్ మీద నుంచి వచ్చినవే.

ఇరవై నాలుగేళ్ల తర్వాత, షుగర్ వల్ల చూపు మందగించి, కఫీల్ ఇక చాలన్నాక, రెండు సూట్‌కేసులతో దిగినాడు. భతీజా అప్పటికి నంద్యాలలో మా ఇంట్లోనే ఉండి బీటెక్ చదువుతున్నాడు. వాడికి అబ్బా అంటే జుమ్మా రోజు ఫోన్లో వచ్చే గొంతు, రెండు మూడేళ్లకోసారి చాక్లెట్ డబ్బాలతో వచ్చే మెహ్మాన్. నాతో "తుమే" అని చనువుగా మాట్లాడేవాడు వాళ్ల అబ్బాతో మాత్రం "ఆప్" అంటాడు. తహజీబ్ అని బయటివాళ్లు మెచ్చుకుంటారు. అది తహజీబ్ కాదని ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఆ ఫ్లాపీని నేను నంద్యాలకు తెచ్చుకున్నాను. ఫ్లాపీ పెట్టే చోటు ఇప్పుడు ఏ మిషనుకూ లేదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించినాం. పెట్టగానే గర్‌ర్‌ మని శబ్దం. చానా ఫైళ్లు చదవలేకపోయింది. ఫ్లాపీలో రాత ఉండేది ఒక పల్చటి అయస్కాంతపు పూత మీద. ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది, బూజు పడుతుంది. మహల్ గోడల బొమ్మలుండే ఫైలు పోయింది. కానీ ప్రిన్స్ డాట్ సేవ్ అనే ఫైలు మాత్రం సాఫ్‌గా వచ్చింది. సైజు ఎంతో తెలుసా? 8 బైట్లు. ఈ వాక్యంలో ఒక్క మాటంత కూడా లేదు. మిగిలిన నిమిషాలు, లెవెల్, వాడి ప్రాణం ఎంత, అంతే అందులో ఉండేది. పక్కన తేదీ: 11 ఫిబ్రవరి 1999. బొంబాయి రైలెక్కడానికి నాలుగు రోజుల ముందు.

పోయిన ఫైళ్ల కోసం హైదరాబాద్‌లో ఒక దోస్త్‌ను అడిగితే, ఎప్పుడో కొన్న సీడీలో గేమ్ ఉందని పంపించినాడు. భతీజా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తే, ఈ ప్రోగ్రాం మీ పీసీలో నడవదని నీలం రంగు డబ్బా ఒకటి వచ్చి నిలబడింది. రైట్ క్లిక్ చేసి పాత విండోస్‌లా నడువు అని చెప్పి చూసినాం. వినలేదు.

కారణం భతీజానే వెతికి చెప్పినాడు. అప్పటి డాస్ గేములు 16 బిట్లవి. 64 బిట్ల విండోస్‌లో వాటిని నడిపించే భాగమే పెట్టలేదు. 32 బిట్ల విండోస్ 10 దాకా ఆ వసతి ఉండింది. విండోస్ 11 వచ్చేదే 64 బిట్లలో. తలుపు కొట్టేవాడి భాష తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరన్నమాట.

దీనికి ఇలాజ్ డాస్‌బాక్స్. 2002 నుంచి ఉంది, ఉచితం. అది చేసేదేమంటే, కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. పాత ప్రాసెసర్, పాత సౌండ్, పాత స్క్రీన్. గేమ్ ఉన్న ఫోల్డర్ సీ డ్రైవ్‌లో ప్రిన్స్ అనుకోండి. డాస్‌బాక్స్ తెరిచి 'మౌంట్ సీ సీ:\ప్రిన్స్' అని ఇంగ్లిష్‌లో కొడితే, ఆ ఫోల్డరే తన సీ డ్రైవ్ అనుకుంటుంది. తర్వాత 'సీ:', ఆ తర్వాత 'ప్రిన్స్'. అయిపోయింది. కొన్ని పాత గేములు ప్రాసెసర్ ఎంత జోరుగా ఉంటే అంత జోరుగా పరిగెత్తేవి. అట్లాంటివాటికి కంట్రోల్, ఎఫ్11 కొడితే నెమ్మదిస్తుంది. కంట్రోల్, ఎఫ్12 కొడితే వేగం పెరుగుతుంది.

గేమ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. కొత్త మిషనే కొంచెం వంగింది. అది చూస్తుంటే నాకు షరమ్ అనిపించింది. పది నెలలుగా మేమంతా భాయ్‌కి చెప్పిందేమిటి? ఫోన్‌పే నేర్చుకో, ఇక్కడ ట్రాఫిక్ ఇట్లే ఉంటుంది అలవాటు చేసుకో, ఊరికే కూర్చోకు ఏదో ఒక దుకాణం పెట్టు. అంతా ఆయన మారాలనే. నువ్వు ఎక్కడ ఆపి పోయినావు అని మాలో ఒక్కరం అడగలేదు. నా మాటే చెప్తాను. ఇరవై ఏళ్ల కిందట పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ అయిన నా ఐటమ్స్ సీడీల్లో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని మిషన్లో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలు. నా రాతలు పోతున్నాయని ఎంతమంది దగ్గరో వాపోయినాను. భాయ్ సంగతి మాత్రం తోచలేదు.

ఈ వెతుకులాటలోనే ఇంకో ముచ్చట తెలిసింది. ఈ గేమ్ చేసిన జోర్డాన్ మెక్నర్ అమెరికా ఆయన. తన తమ్ముడు డేవిడ్‌ను పరిగెత్తమని, దూకమని, వేలాడమని వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ చూసి బొమ్మ గీసుకున్నాడట. అందుకే ఆ షహ్జాదా అంత సజీవంగా దూకుతాడు. 1989లో గేమ్ వచ్చింది. దాన్ని రాసుకున్న అసలు డిస్కులు తర్వాత కనిపించకుండా పోయినాయి. 2012లో వాళ్ల అబ్బాకు ఇంట్లో అల్మారా వెనక దొరికితే, తెలిసినవాళ్ల మదద్‌తో చదివించి, ఆ ప్రోగ్రాంను అందరూ చూసుకునేలా పెట్టేసినాడు. సందూకులు అక్కడా ఉన్నాయి.

రంజాన్ ఈద్‌కు ల్యాప్‌టాప్ ఆళ్లగడ్డకు తీసుకుపోయినాం. నమాజ్ అయి, షీర్‌ఖుర్మా తాగినాక భతీజా మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టి, "అబ్బా, ఆప్ బైఠియే" అన్నాడు. భాయ్ కళ్లజోడు సర్దుకుని కూర్చున్నాడు. కంట్రోల్, ఎల్. తొమ్మిదో లెవెల్. కింద అక్షరాలు: 14 నిమిషాలు మిగిలినాయి.

భాయ్ కొంచెంసేపు ఏమీ నొక్కలేదు. తర్వాత షిఫ్ట్ మీద వేలు పెట్టి, అంచుదాకా ఒక్కో అడుగు జాగ్రత్తగా వేసినాడు. నేర్చుకున్నది వేళ్లు మర్చిపోలేదు. కళ్లే సహకరించలేదు. పడిపోయినాడు. మళ్లీ మొదలు. చచ్చినా లెవెల్ మొదటికొస్తుంది గానీ గడిచిన నిమిషాలు వెనక్కి రావు. పద్నాలుగు పోయి పది, పది పోయి ఆరు.

అప్పుడు భతీజా మెల్లగా, "అబ్బా, నేను మెగాహిట్ అని కొట్టి తెరిచినాను. ప్లస్ నొక్కితే నిమిషాలు పెరుగుతాయి" అన్నాడు.

ఖుద్దారీ ఉన్న మనిషి, వద్దంటాడేమో అనుకున్నాను. భాయ్ వాడి వైపు తిరిగి, "ఈ బటన్ అక్కడ ఇరవై నాలుగేళ్లు వెతికినా దొరకలేదు కదరా! కొట్టు, గట్టిగా కొట్టు!" అని పెద్దగా నవ్వినాడు. వంటింట్లో నుంచి భాభీ తొంగిచూసింది.

అసర్ దాకా ఇద్దరూ లేవలేదు. చూపు కావలసిన చోట కొడుకు, ఎప్పుడు దూకాలో చెప్పాల్సిన చోట తండ్రి. పన్నెండో లెవెల్లో షహ్జాదాకు తన సాయే ఎదురొస్తుంది. భతీజా దాన్ని తల్వార్‌తో కొట్టిన ప్రతిసారీ వీడి ప్రాణమే తగ్గుతోంది. "సెంటర్లో ఒకాయన ఆడుతుంటే చూసినా," అన్నాడు భాయ్, "తల్వార్ లోపల పెట్టు, ఎదురుగా నడువు." వాడు పెట్టినాడు. నడిచినాడు. సాయా వచ్చి వీడిలో కలిసిపోయింది. ఆ తర్వాత గాల్లోకి అడుగేయాల్సిన చోట వాడు ఆగిపోతే భాయ్ వీపు మీద తట్టినాడు. తర్వాతి దూకు భాయ్ వంతు. మా భతీజా ల్యాప్‌టాప్ మీదికి వంగి అరుస్తున్నాడు: "కూదో అబ్బా, తుమే కూదో!"

ఆప్ ఎప్పుడు పోయిందో వాడికి తెలీదు. భాయ్‌కి తెలిసిందనుకుంటా.

మీ ఇంట్లో సందూకుల్లో ఫ్లాపీలు, సీడీలు, క్యాసెట్లు ఉంటే ఈ నెలలోనే తీసి కాపీ చేసుకోండి. వచ్చే ఏడాదికి చదవగలమన్న భరోసా లేదు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఎవరైనా ఉంటే, పోయేటప్పుడు ఏది సగంలో ఆపి పోయినారో ఒకసారి అడగండి. దానికి ఏ డ్రైవూ అక్కర్లేదు.

ఆట ఇంకా అయిపోలేదు. మగ్రిబ్ అజాన్ వినబడగానే కంట్రోల్, జీ కొట్టి వుజూకు లేచినారు. ఫైలు ఇప్పుడూ 8 బైట్లే, తేదీ మాత్రం కొత్తది. మిగతాది బక్రీద్ సెలవులకు ఆడదామని తండ్రీకొడుకులు వాయిదా వేసుకున్నారు.